ఎండ ఉచితము, పాత్రలే కరవు

ధ్యాన భాగము: 2 రాజులు 4:1–7



ఈ నెల మన ధ్యానమునకు ఒక విధవరాలి ఇంటికి పోవుదము. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, దేవునియందు భయభక్తులు గలవాడు. అయినను అప్పు మిగిల్చి చనిపోయెను. భక్తిపరుని ఇంట అప్పు ఉండదని మనలో కొందరు అనుకొందురు గాని, బైబిలు అట్లు చెప్పుట లేదు. అప్పులవాడు వచ్చి ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు సిద్ధముగా ఉన్నాడు. ఆమె ఎలీషా యొద్దకు వచ్చి మొఱపెట్టెను. ప్రవక్త ఆమె చేతిలో డబ్బు పెట్టలేదు. నీ యింట ఏమున్నదని అడిగెను. ఒక చిన్న కుండలో నూనె తప్ప ఏమియు లేదని ఆమె చెప్పెను. ఇరుగుపొరుగు వారి యొద్ద ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకొమ్మనియు, కొద్దిపాటి పాత్రలతో సరిపెట్టుకొనవద్దనియు, తలుపు మూసికొని ఆ నూనె పోయుమనియు ఆయన చెప్పెను. పాత్రలు ఉన్నంత వరకు నూనె వచ్చెను. ఇంకొక పాత్ర తెమ్మని తల్లి అడిగినప్పుడు, ఇక లేదని కుమారుడు చెప్పెను. అప్పుడు నూనె నిలిచిపోయెను.

ఈ చివరి సంగతి మీద నిలువవలెను. దేవుని యొద్ద నూనె అయిపోయెనని అక్కడ లేదు. పాత్రలు అయిపోయినవని ఉన్నది. ఇచ్చువాని చేయి కురుచ కాలేదు. పట్టుకొనుటకు పాత్ర కావలసి వచ్చెను. ఆ దినములలో నూనె అనగా వంట మాత్రమే కాదు, దీపము కూడ నూనెయే. ఆ ఇంటి వెలుగు, ఆ ఇంటి అప్పు, ఇరుగుపొరుగు వారి పాత్రలు, ఈ మూడును ఒకే కథలో ఉన్నవి. మన కాలములో ఇంటి మీద ఎండనుండి కరెంటు తీయుటను గూర్చి వ్రాయుమని కొందరు అడిగినప్పుడు, నాకు ఈ భాగమే తోచెను.

తండ్రి తన సూర్యుని మంచివారి మీదను చెడ్డవారి మీదను ఉదయింపజేయునని ప్రభువు కొండ మీద చెప్పెను (మత్తయి 5:45). మర్రిగూడ వారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. మన మెట్ట నేలల మీద ఎండకు కొదువ లేదు. భూమి క్రింద దొరికినది మాత్రము మనకు చేదే అయ్యెను. బోరు లోతుకు పోయిన కొద్ది ఫ్లోరైడు నీరు వచ్చి, మన మండలములోను చుట్టుప్రక్కల ఊళ్లలోను ఎందరి పండ్లు పచ్చబడినవో, ఎందరి వెన్నులు వంగినవో, ఎందరు పిల్లల కాళ్లు వంకర పోయినవో మనము కన్నులార చూచితిమి. క్రింద తవ్వుటకు మనము పెట్టిన డబ్బును లెక్క వేసిన, ఒక్కొక్క కుటుంబము రెండు మూడు బోర్లలో ఆస్తి పోసినది. పైనుండి దినదినము పడుచున్న దానిని మాత్రము వడియాలకు, మిరపకాయలకు, వడ్లకు వాడుకొని విడిచితిమి.

ఎండను కరెంటుగా మార్చు పలక నిన్న మొన్నటిది కాదు. 1954 ఏప్రిల్ నెలలో అమెరికాలో బెల్ ప్రయోగశాల వారు సిలికానుతో చేసిన పలకను లోకమునకు చూపిరి. పడిన ఎండలో నూటికి ఆరు వంతులు మాత్రమే అది కరెంటుగా మార్చెను. నాలుగేండ్ల తరువాత, 1958లో, ఒక ఉపగ్రహమునకు దానిని అమర్చిరి. అనగా మొదట అది ఆకాశములో తిరుగు యంత్రములకే గాని పేదవాని ఇంటికి కాదు. 1970ల నడుమ ఒక్క వాటు పలకకు ఈనాటి విలువలో సుమారు 100 డాలర్లు పడెడిది. నేడు అదే వాటు డాలరులో ఐదవ వంతు కంటెను తక్కువకు దొరకుచున్నది. జర్మనీ దేశము 2000లో చట్టము చేసి, ఇండ్ల మీద పుట్టిన కరెంటుకు నిశ్చయమైన ధర ఇచ్చుట వలన కొనువారు పెరిగిరి. చైనా దేశము పెద్ద పెద్ద కర్మాగారములు కట్టుట వలన వెల దిగెను. పలకలు ఇప్పుడు ఎండలో నూటికి ఇరువది వంతులకు మించి కరెంటుగా మార్చుచున్నవి. ఇసుకను కరిగించి తీసిన సిలికానే గదా అది! ఇసుకలో ఈ గుణమును ఉంచినవాడు ఎవడో విశ్వాసికి తెలియును.

అట్లయిన ఇంత చౌకయైనది మన ఇండ్ల మీద ఏల లేదు? ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. వెల తగ్గుట వేరు, పేదవానికి అందుట వేరు. పలక విషయములో పేదవాడు 25 సంవత్సరముల కరెంటును ఒక్క దినమున కొనవలసి వచ్చుచున్నది. ఉన్నవాడు చౌకగా కొనును, లేనివాడు దినదినము ఎక్కువ పెట్టి కొనును. గంపెడు ఉల్లిగడ్డలు ఒకేసారి కొనువానికి ఒక ధర, పావుకిలో కొనువానికి ఇంకొక ధర అని కిరాణా కొట్టు కాడ మనము ఎరుగుదుము. ఎండ విషయములోను అదే న్యాయము నడచుచున్నది.

లెక్క చూడుడి. కేంద్ర ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ అను పథకమును ఆరంభించెను. కోటి ఇండ్లకు ఇవ్వవలెనని 75,021 కోట్ల రూపాయలు నిర్ణయించిరి. ఒక కిలోవాటుకు 30,000, రెంటికి 60,000, మూడు లేక అంతకు మించిన వాటికి 78,000 రూపాయల సబ్సిడీ. ఒక కిలోవాటు మన ఎండలో దినమునకు సుమారు నాలుగు యూనిట్లు ఇచ్చును. మూడు కిలోవాట్లు నెలకు 360 యూనిట్ల వరకు ఇచ్చును. మూడు కిలోవాట్లకు ప్రభుత్వము లెక్కకు తీసికొన్న వెల 1,45,000. సబ్సిడీ పోగా 67,000 మిగులును. బజారులో అడిగిన వెల అంతకంటె ఎక్కువగానే ఉండును, అది మనసులో ఉంచుకొనుడి. ఆ 67,000 రూపాయలను నూటికి ఏడాదికి 7 రూపాయల మిత్తితో పదేండ్లు బ్యాంకుకు కట్టిన, నెలకు 800 లోపే పడును. ఇదే సొమ్మును ఊరిలో నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెచ్చిన, మిత్తి మాత్రమే నెలకు 2,010 రూపాయలు. అసలు అట్లే నిలిచియుండును. పలక ఒకటే, ఎండ ఒకటే. అప్పు ఎక్కడ తెచ్చితివన్న దానిని బట్టి ఒకనికి ఆశీర్వాదము, ఇంకొకనికి ఉరి.

మరియొక సంగతి. సబ్సిడీ ముందుగా చేతికి రాదు. పలకలు బిగించి, కరెంటు వారు చూచి, మీటరు మార్చిన తరువాత అది బ్యాంకు ఖాతాలో పడును. అంతవరకు ఎవడో ఒకడు ఆ సొమ్మును మోయవలెను. ఆ నడుమ దినములే పేదవానికి అగడ్త. దాటుటకు వంతెన లేక ఎందరో ఇవతలనే నిలిచిపోయిరి.

ఈ వంతెన కట్టుట ఎట్లో కర్ణాటకలో ఒకాయన చూపెను. హరీశ్ హండే గారు 1995లో సెల్కో అను సంస్థను స్థాపించిన వారిలో ఒకరు. 2011లో రామన్ మెగసెసే బహుమతి పొందిరి. ఆయన చెప్పు ఒక సంగతి చాల మంది ఎరుగుదురు. బండి మీద కూరగాయలు అమ్ముకొను ఒకామెకు దీపము నెలకు 300 రూపాయలన్న భారమనిపించెను. దినమునకు పది రూపాయలన్న సరే అనిపించెను. చదువుకొన్నవారు రెండును ఒకటేనని నవ్వుదురు. ఒకటి కావు, సహోదరులారా. ఆమె చేతికి సొమ్ము దినమునకు ఒకమారు వచ్చును, నెలకు ఒకమారు రాదు. వచ్చిన కొలతలో కట్టుట సుళువు. పోగుచేసి కట్టవలెనన్న, నడుమ జ్వరము వచ్చును, చుట్టము వచ్చును, పండుగ వచ్చును. అందుచేత ఆ సంస్థ వారు పల్లె బ్యాంకులతో మాటలాడి, ఎవరి రాబడి ఎట్లో వారి వాయిదాలను అట్లు కుదిర్చిరి.

ఈ కిటుకు మన స్త్రీలకు క్రొత్త కాదు. వంటకు బియ్యము కొలుచుకొనునప్పుడు ఒక గుప్పెడు తీసి వేరొక కుండలో వేయుట మన సంఘములలో మన అవ్వల కాలము నుండి ఉన్నది. ఆ గుప్పెడు బియ్యపు కానుకతో ఎన్ని గుడులకు పెంకులు పడినవి, ఎన్ని గుడులకు గంటలు వచ్చినవి! ఆ తల్లులలో ఎవరినైన పిలిచి, నీవు ఏడాదికి ఇన్ని వందల రూపాయలు ఇమ్మని అడిగియుంటే, ఇవ్వలేనని కండ్ల నీళ్లు పెట్టుకొనెడిది. గుప్పెడు గుప్పెడుగా మాత్రము తెలియకుండ ఇచ్చినది. వెలను పేదల చేతి కొలతకు కోయవలెను. పేదవాని చేతిని వెల కొలతకు సాగదీయరాదు.

బంగ్లాదేశములో ఇదే పని పెద్ద ఎత్తున జరిగినది. అక్కడ గ్రామీణ శక్తి అను సంస్థ 1996లో మొదలాయెను; 2003 నుండి ప్రభుత్వపు పెట్టుబడి సంస్థయైన ఇడ్‌కాల్ దానివంటి అనేక సంస్థలకు అప్పులిచ్చెను. కరెంటు తీగ పోని పల్లెలలో 40 లక్షలకు మించిన ఇండ్లకు చిన్న పలకలు, బ్యాటరీలు చేరినవి. ఇంటివారు మొదట కొంత కట్టి, మిగిలినది రెండు మూడేండ్ల వాయిదాలలో కట్టిరి. వాయిదా వసూలు చేయుటకు వచ్చువాడే దీపము సరిగా వెలుగుచున్నదా, బ్యాటరీలో నీరు ఉన్నదా అని చూచిపోవును. ఇది నాకు మిక్కిలి నచ్చిన సంగతి. అప్పులవాడు సొమ్ముకొరకు మాత్రమే గడప తొక్కినప్పుడు వాడు శత్రువు. దీపము బాగుచేయుటకు కూడ వచ్చినప్పుడు పొరుగువాడు.

అప్పును గూర్చి ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నదో ఇక్కడ విడువరాదు. పొరుగువాని వస్త్రమును కుదువ పెట్టుకొన్న యెడల ప్రొద్దు గ్రుంకక మునుపే తిరిగి ఇయ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఏలయనగా రాత్రి కప్పుకొనుటకు వానికి అదియే కలదు. తిరుగటి పై రాయిని కుదువ పట్టరాదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చెప్పుచున్నది. అది వాని బ్రతుకు. అదే అధ్యాయములో, అప్పిచ్చినవాడు కుదువ సొమ్ముకై ఋణస్థుని ఇంటిలోనికి పోరాదు, బయట నిలువవలెనని కూడ ఉన్నది. మన రాష్ట్రము ఒక్కటిగా ఉన్న దినములలో, చిన్న అప్పుల కంపెనీల వారు స్త్రీల ఇంటి వాకిండ్లలో కూర్చుండి ఒత్తిడి పెట్టగా, అవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారు ఉండిరి. 2010 అక్టోబరులో ప్రభుత్వము వారిని అదుపు చేయుటకు అత్యవసర శాసనము తేవలసి వచ్చెను. బయట నిలువుమని మోషే చెప్పినది ఎంత దూరపు చూపో అప్పుడు మన వారికి తెలిసెను.

ఆఫ్రికాలో కెన్యా దేశమున 2012 నుండి మరియొక విధానము నడచుచున్నది. ఎం-కోపా అను కంపెనీ వారు మొదట కొంత కట్టించుకొని ఇంటికి చిన్న పలక, దీపములు, రేడియో ఇత్తురు. తరువాత ఇంటివారు దినమునకు కొంత చొప్పున సెల్‌ఫోనులోనే కట్టుదురు. కట్టిన దినమున దీపము వెలుగును. కట్టని దినమున కంపెనీవారు దూరమునుండే దానిని బంధింతురు. ఎవడును వాకిటికి రాడు, ఎవడును అరువడు. ఆ లెక్కన ఇది మేలే. దీని వలన లక్షల ఇండ్లకు గాసునూనె బుడ్డి పొగ తప్పినది. అయినను నిర్గమకాండములోని ఆ వస్త్రము నాకు జ్ఞాపకము వచ్చుచున్నది. ప్రొద్దు గ్రుంకు వేళకే గదా ఆ తాళము పడుట! పిల్ల పుస్తకము తెరచిన గడియకే దీపము ఆరిపోవును. అప్పు వసూలుకు ఏదో ఒక కట్టడి లేకుంటే ఎవడు అప్పిచ్చునని అడుగువారు ఉందురు. వారి మాటలోను న్యాయము ఉన్నది. కాని ఒక్క దీపమైన తాళము లేకుండ విడిచి, మిగిలిన వాటిని బంధించిన, వస్త్రము తిరిగి ఇచ్చినట్లగునని నా అభిప్రాయము.

ఇప్పుడు మన ఊరి ప్రశ్నకు వత్తము. కూటము అయిన తరువాత ఒక పెద్దమ్మ నన్ను నిలిపి అడిగెను: “అయ్యగారూ, కరెంటు బిల్లు సున్న వస్తున్నది కద, ఇంటి మీద ఈ అద్దాలెందుకు?” చక్కని ప్రశ్న. తెల్లకార్డు గల ఇండ్లకు నెలకు 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితమను గృహజ్యోతి పథకము మన రాష్ట్రములో 2024 మార్చి బిల్లులనుండి అమలులోనికి వచ్చెను. రెండు దీపములు, రెండు పంకాలు, ఒక టీవీ గల ఇల్లు 200 దాటదు. అటువంటి ఇంటివారు అప్పుచేసి పలకలు పెట్టవద్దు. ఆమెకు నేను ఇదే చెప్పితిని. సున్న బిల్లును తగ్గించుటకు 67,000 అప్పు చేయుట తెలివి కాదు. అమ్మకము చేయువారు వచ్చి ఎంత తియ్యగా చెప్పినను ఈ లెక్క మారదు. మిగిలిన కరెంటును ప్రభుత్వమునకు అమ్మి రాబడి పొందవచ్చునని వారు చెప్పుదురు. అది నిజమే గాని, ఏ ధరకు, ఎన్నాళ్లకు ఒకసారి చెల్లింతురో కాగితము మీద చూచినగాని వాయిదాకు దానిని నమ్ముకొనరాదు.

మరి ఎవరికి కావలెను? 200 దాటు ఇండ్లకు కావలెను. ఆ గీత దాటిన నెలలో మొత్తము బిల్లు మీద పడును. అది వేయి రూపాయలకు మించును. ఫ్రిజ్జు, కూలరు, మోటారు ఉన్న కుటుంబములు, ఉమ్మడి కాపురములు ఎండాకాలములో తరచుగా ఈ గీత దాటుచున్నవి. కార్డు లేని కుటుంబములకు కావలెను. తీగ పోని బావికాడి గుడిసెలలో, గొఱ్ఱెల మందల కాడ ఉండువారికి వేరు రకము కావలెను: చిన్న పలక, ఒక బ్యాటరీ, రెండు దీపములు. పెద్ద పథకము వారికి పనికిరాదు. అక్కడ తేలుకు, పాముకు అడ్డము ఒక్క దీపమే.

మనకు నైరుతి దిక్కున, పాత పాలమూరు జిల్లా వంగూరు మండలములో కొండారెడ్డిపల్లి ఉన్నది. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి గారి స్వగ్రామము అది. 2025లో ఆ ఊరిని దక్షిణ భారతములో మొదటి సంపూర్ణ సౌర గ్రామమని ప్రకటించిరి. 480 ఇండ్ల మీద ఇంటికి మూడు కిలోవాట్ల చొప్పున పలకలు పెట్టిరి. ప్రభుత్వ కట్టడముల మీదను పెట్టిరి. మొత్తము 10 కోట్ల 53 లక్షల రూపాయల ఖర్చు. అందులో కేంద్ర సబ్సిడీ కొంత, ఒక కంపెనీ ధర్మముగా ఇచ్చినది కొంత, రాష్ట్రము పెట్టినది కొంత. మేలు జరిగినది, సంతోషింపవలెను, అసూయ పడరాదు. మన మెట్ట ఊళ్లలోను ఈ పని సాధ్యమని అది చూపినది. కాని ముఖ్యమంత్రి పుట్టిన ఊరు ఒకటే ఉండును. కంపెనీ దృష్టి పడని వేల ఊళ్లకు మాదిరి కావలెనన్న, ఇంటివాడే తన రాబడిలో నుండి కట్టుకొనగల దారి కావలెను. ఎలీషా విధవరాలి ఊరిలో ప్రవక్త ఉండెను గాని, పాత్రలు మాత్రము ఇరుగుపొరుగు ఇండ్ల నుండే వచ్చినవి.

పలకలు పెట్టవలెనని నిశ్చయించుకొన్నవారికి తెలియవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. వీటిని అమ్మువారు సాధారణముగా ముందుగా చెప్పరు.

మూడు కిలోవాట్లకు నీడ పడని చోటు సుమారు 300 చదరపు అడుగులు కావలెను. స్లాబు ఇల్లు మేలు. ఇనుప రేకులైన, బలమైన ఇనుప చట్రము ఉన్నచో కుదురును. సిమెంటు రేకులు, పెంకులు ఆ బరువుకు, గాలికి తాళవు. ఇందిరమ్మ పథకములోనో స్వంతముగానో క్రొత్తగా స్లాబు వేయువారు ముందే ఆలోచింపవలెను. మన దేశములో పలకలు దక్షిణమునకు వాలి ఉండవలెను. మేస్త్రి వాస్తు చెప్పి నైరుతి మూలను నీళ్ల ట్యాంకీ ఎత్తుగా కట్టును. మధ్యాహ్నము తిరిగిన తరువాత దాని నీడ పలకల మీద పడును. ఒక పలక మీద నీడ పడిన, దానితో వరుసగా కలిపిన పలకల కరెంటు కూడ తగ్గును. క్రైస్తవుడు వాస్తుకు ఏల భయపడవలెనో నాకు తెలియదు. ట్యాంకీని ఉత్తరమున కట్టించుకొనుడి.

కరెంటు పోయినప్పుడు తమ ఇంట మాత్రము దీపము వెలుగునని చాలమంది అనుకొని మోసపోవుచున్నారు. బ్యాటరీ లేని పథకపు పలకలు, ఊరిలో కరెంటు పోగానే, మిట్టమధ్యాహ్నమైనను తామే ఆగిపోవును. ఇది లోపము కాదు. స్తంభము మీద తీగ సవరించుచున్న లైన్‌మన్, కరెంటు లేదనుకొని చేయి పెట్టును. మన ఇంటి మీది కరెంటు ఆ తీగలోనికి పోయిన యెడల వాడు చనిపోవును. వాని ప్రాణము కొరకు మన ఇంటి యంత్రము తన్ను తాను ఆపుకొనును. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞను ఒక పెట్టెలో బిగించినట్లు నాకు తోచును. కొందరు తెలివిగలవారు దానిని తప్పించు కనెక్షన్లు ఇత్తుమని వత్తురు. వారిని వాకిటనుండే పంపివేయుడి.

దుమ్ము పట్టిన పలక కరెంటు తక్కువగా ఇచ్చును గనుక కడుగవలెను; ఉదయమే, పలక చల్లగా ఉన్నప్పుడే. మన బోరు నీటితో కడిగి ఎండనిచ్చిన, తెల్లని చారలు కట్టి అద్దము మసకబారును. వాన నీటిని పట్టి ఉంచుకొని, మెత్తని గుడ్డతో తుడువవలెను. వెన్ను వంగిన వృద్ధులు నిచ్చెన ఎక్కలేరు. వారి ఇంటి పలకలు కడుగుట యౌవనస్థుల కూటము తన పనిగా పెట్టుకొనవచ్చును. పలక 25 ఏండ్లు నిలుచును గాని, కరెంటును మార్చు ఇన్వర్టరు పెట్టె పది పండ్రెండు ఏండ్లకు మార్చవలసి వచ్చును. దానికిని గుప్పెడు గుప్పెడుగా ఇప్పటినుండే వేరుగా తీసిపెట్టవలెను. పెండ్లికుమారుని ఎదుర్కొనుటకు పోయిన పదిమంది కన్యకలలో అయిదుగురికి దీపములు లేవని ప్రభువు చెప్పలేదు. మరల పోసికొనుటకు నూనె తెచ్చుకొనలేదని చెప్పెను (మత్తయి 25).

ఇక సంఘము చేయదగినదేమి? మన గుడి మీద పలకలు పెట్టుదమని యౌవనస్థులు ఉత్సాహపడుచున్నారు. వారి ఉత్సాహమునకు దేవునికి స్తోత్రము. కాని గుడిలో వారమునకు రెండు మూడు కూటములే, అవియు తరచుగా రాత్రివేళ. పైగా ఆ సబ్సిడీ నివాస గృహములకే ఇచ్చునది. గుడికి పెట్టు సొమ్మును, సబ్సిడీ వచ్చువరకు ఆగలేని ఇంటికి చేబదులుగా ఇచ్చిన ఎట్లుండును? సబ్సిడీ పడగానే ఆ ఇంటివారు తిరిగి ఇత్తురు. అదే సొమ్ము వేరొక ఇంటికి పోవును. మిత్తి తీసికొనరాదు. నెహెమ్యా తన కాలములో పెద్దలను నిలువదీసి, సహోదరుల యొద్ద వడ్డి తీసికొనుట మానుకొనుడని చెప్పిన సంగతి అయిదవ అధ్యాయములో చదువుడి. ఈ చేబదులే మన పాత్ర. మనము నూనె చేయలేము. పాత్ర ఇయ్యగలము.

చదువు రాని తల్లితో బ్యాంకుకు పోవుట ఒక పాత్ర. ఇంటి కాగితము చనిపోయిన భర్త పేరనో మామ పేరనో ఉన్నప్పుడు, కరెంటు మీటరు పేరు మార్పించుటకు ఆమెతో ఆఫీసు చుట్టు తిరుగుట ఒక పాత్ర. ఈ పేరు మార్పు దగ్గరనే మన విధవరాండ్రలో చాలమంది ఆగిపోవుదురని నేను చూచుచున్నాను. సొమ్ము కంటె ఈ కాగితమే ఎక్కువ అడ్డము. కిరాయి ఇంట ఉన్నవారికి, సిమెంటు రేకుల క్రింద ఉన్నవారికి ఈ పథకము అందదు. వారిని మరచి మనము సంబరపడరాదు. మండల కార్యాలయమునకు పోవువారు వారి సంగతియు అడుగవలెను.

తలుపు మూసికొని పోయుమని ప్రవక్త చెప్పిన మాటను కూడ గమనించుడి. ఆ విధవరాలిని వీధిలో నిలువబెట్టి, ఎలీషా గారి సహాయము అని బట్ట కట్టి, ఫోటో తీయలేదు. మన వారికి దీపము ఇచ్చినప్పుడు దండలు, వేదికలు వద్దు. ఎవరికి ఇచ్చితిమో సంఘపు లెక్కల పుస్తకములో ఉన్న చాలును.

నూనె నిండిన తరువాత ఆ తల్లి తన ఇష్టము వచ్చినట్లు అమ్ముకొనలేదు. తిరిగి ప్రవక్త యొద్దకు వచ్చి ఇప్పుడేమి చేయుదునని అడిగెను. ముందు అప్పు తీర్చుమనియు, మిగిలిన దానితో పిల్లలతో బ్రతుకుమనియు ఆయన చెప్పెను. మీరును సంతకము పెట్టక మునుపు అడుగుడి. ఇంటింటికి తిరిగి ముందుగానే సొమ్ము వసూలు చేయువారికి ఒక్క రూపాయియు ఇయ్యకుడి. వారి పేరు ప్రభుత్వము ఒప్పుకొన్నవారి జాబితాలో ఉన్నదో లేదో మొదట చూపించుకొనుడి.

ఈ పని కొరకు వచ్చు నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత సంఘ పెద్దలు ఇద్దరు, మహిళా సంఘములో లెక్కలు వ్రాయు సహోదరి ఒకరు గుడిలో కూర్చుందురు. పండ్రెండు నెలల కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదు, బ్యాంకు పుస్తకము తెచ్చుకొనుడి. బిల్లులలో యూనిట్లు కూడి, మీ ఇల్లు 200 గీతకు పైన ఉన్నదో క్రింద ఉన్నదో ముందుగా చూచెదము. క్రింద ఉన్నవారిని కాఫీ ఇచ్చి ఇంటికి పంపెదము.